వారసత్వము లేని సంచి

తెలుగునాట చేతిపనులలో ప్రతిదానికిని ఒక వంశవృక్షము కలదు. వడ్రంగి కుమారుడు తండ్రి పట్టిన ఉలినే పట్టి, తండ్రి చేతి చెమటకు నున్నబడిన పిడియందే తన పిడికిలిని అమర్చుకొని పని నేర్చుకొనెడివాడు. కమ్మరి పట్టుకారు, కంసాలి శ్రావణము, కాసెవాని సుత్తి, తాపీమేస్త్రి తూకపుగుండు మున్నగునవి ఆయా ఇండ్లలో పుట్టిన బిడ్డకు పుట్టుకతోడనే సంక్రమించు ఆస్తులే గాని, అంగడికి పోయి కొనుక్కొనవలసిన వస్తువులు కావు. ఇట్టి సమాజములోనికి ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములయందు, విద్యుత్తు వెంట నడచి, ఒక కొత్త పనివాడు ప్రవేశించెను. వానికి కులవృత్తి లేదు, కొలిమి లేదు, తాత విడిచిన పెట్టె లేదు, పని ఆరంభమున తలచుకొనవలసిన మూలపురుషుడు లేడు. జనులు వానిని వైర్‌మన్ అనియు, కరెంటు మేస్త్రి అనియు, ఇటీవల ఎలక్ట్రీషియన్ అనియు పిలిచిరి. వాని భుజమున ఒక ఖాకీ గుడ్డ సంచి వ్రేలాడుచుండెను. ఆ సంచిని నేలపై కుమ్మరించి చూచినచో, అందలి పనిముట్లలో మూడువంతులు పరుల ఇండ్లనుండి ఎరువు తెచ్చుకొన్నవే యని తోచును. తండ్రి లేని ఈ వృత్తికి ఆ ఎరువులే వంశచరిత్ర.

విద్యుత్తు దీపమై రాకమునుపే మన దేశమునకు తంతియై వచ్చెను. 1839లో ఓషాగ్నెస్సీ అను వైద్యుడు కలకత్తా పరిసరములలో ప్రయోగార్థము తంతిని సాగదీసెను. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములు తంతిచేత ముడివడెను. స్తంభమెక్కి తీగె లాగు మనుష్యుడు, అనగా లైన్‌మన్, ఈ కొత్త వృత్తికి పెద్దన్న. వాని చేతిలో ప్రధానమైన పనిముట్టు ప్లయరు. దీని పుట్టుకను గూర్చి అమెరికాలోని క్లైన్ సంస్థవారు ఒక ముచ్చటైన కథను చెప్పుకొందురు. 1857లో షికాగో నగరమున మథియాస్ క్లైన్ అను కమ్మరి దుకాణమునకు తంతిపనివాడొకడు విరిగిన ప్లయరును తెచ్చెనట. కమ్మరి విరిగిన సగమును కొత్తగా కాచి, కొట్టి, నిలిచియున్న పాత సగమునకు చీలతో బిగించి ఇచ్చెనట. కొంతకాలమునకు ఆ పాత సగమును విరుగగా, రెండవ సగమును గూడ అతడే చేసెనట. ఆ విధముగా ఒక పనిముట్టు మొత్తము కమ్మరి చేతిమీదుగా తంతివానికి దక్కినది. ఏ సంస్థయైనను తన పుట్టుకను గూర్చి చెప్పుకొను కథలో కొంత మెరుగు పెట్టకపోదు గాని, ఈ కథలోని సారము మాత్రము మన విషయమునకు మిక్కిలి సరిపోవుచున్నది.

ప్లయరు ఒక పనిముట్టు కాదు, నాలుగు పనిముట్ల కూటమి. కొనయందు గాట్లు గల చదునైన దవడలు కంసాలి శ్రావణమువలె తీగెను పట్టి మెలివేయును. వాని వెనుక వంపుగానున్న పండ్లు గొట్టమును, నట్టును కరచిపట్టుకొనును. ప్రక్కనున్న వాడి అంచు కత్తెర పని చేయును. చీల దగ్గరి గంటు గట్టి ఇనుప తీగెను తెంపును. ఇంతటి బహుముఖ ప్రజ్ఞ గల వస్తువునకు మనవారు పెట్టుకొన్న పేరు ‘కటింగ్ ప్లేయరు’. ఆటగానికిని ఈ ఉక్కుదవడకును గల సంబంధమేమో నిఘంటుకారులు తేల్చుకొందురు గాక; తెలుగు దుకాణములో ప్లయరు అని సరిగా ఉచ్చరించి అడిగినచో అమ్మువాడు ఒక క్షణము ఆలోచించి, ‘కటింగ్ ప్లేయరా అండీ?’ అని ఎదురు అడుగును. తొలినాళ్లలో దీని పిడులు వట్టి ఉక్కుతో నుండెడివి. సైకిలు ట్యూబు ముక్కను కోసి ఆ పిడులకు తొడుగుట శిష్యుడు తన సొంత పనిముట్టునకు చేయు మొదటి సంస్కారము.

ఇక దీపముల మాట. 1897లో డార్జిలింగు దగ్గర సిద్రాపాంగునందు చిన్న జలవిద్యుత్కేంద్రము వెలసెను. 1899లో కలకత్తా వీధులకు ఆవిరి యంత్రముల విద్యుత్తు వచ్చెను. 1902లో మైసూరు సంస్థానపు శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు సుమారు 90 మైళ్లు తీగెలు సాగెను. తెలుగువారి మహానగరమైన హైదరాబాదులో హుస్సేన్‌సాగరపు గట్టున ఆవిరి విద్యుత్కేంద్రము 1920లో నెలకొనెను; ఆ కట్టడము నేడు లేదు. అటు మద్రాసు ప్రభుత్వము 1927లో విద్యుచ్ఛాఖను స్థాపించి, 1930 తరువాతి సంవత్సరములలో పైకారా, మెట్టూరు కేంద్రములను నిర్మించెను గాని, ఆ వెలుగు ముందుగా దక్షిణపు తమిళ జిల్లాలకే దక్కెను. ఉత్తర సర్కారులకు సమృద్ధిగా జలవిద్యుత్తు అందుటకు మాచకుండు పథకము ఫలించిన 1955 వరకు వేచియుండవలసివచ్చెను. ఈ లోపల మన పల్లెలవారికి విద్యుద్దీపమును తొలిసారి చూపినది ప్రభుత్వము కాదు, టూరింగు టాకీసు. డేరా వెనుక నూనె ఇంజను దడదడలాడుచు డైనమోను త్రిప్పుచుండగా, తెరమీద ఆడు బొమ్మలకంటె డేరా వాకిట వెలుగు బల్బును చూచుటకే నిలిచిపోయిన బాలురు కొందరుండిరి. ఆ ఇంజను కాచుకొనువాని వెంట పోయి పని నేర్చినవారును లేకపోలేదు.

పట్టణములలో మొదట దీపములు పెట్టించుకొన్నవారు జమీందారులు, నవాబులు, న్యాయవాదులు, వ్యాపారులు. వారి మేడలలో తీగెలు గోడలలోపల దాగియుండలేదు. టేకు చెక్కను రెండు గాళ్లుగా తొలిచి, ఒక గాడిలో ఒక తీగెను, రెండవదానిలో మరియొక తీగెను పరచి, పైన పలుచని టేకు పలకను మూతవలె మరమేకులతో బిగించెడివారు. దీనికి కేసింగ్-కేపింగ్ అని పేరు. గోడమూలలో చెక్క తిరుగుచోట రెండు ముక్కలను నలుబదియైదు అంశల వాలుగా కోసి, అతుకు కనబడకుండ కూర్చవలెను. ఈ పనిలో విద్యుత్తు పాలు మిక్కిలి స్వల్పము. పదింట తొమ్మిదిపాళ్లు వడ్రంగమే. అందుచేత ఆనాటి వైర్‌మన్ సంచిలో టెనన్ రంపము, పలుచని ఉలి, కొయ్యసుత్తి, మూలమట్టము, చేతితో త్రిప్పి బెజ్జము వేయు గిమ్లెట్ తప్పక ఉండెడివి. వడ్రంగి పనినుండి ఈ పనికి మరలినవారికి ఆ సంచి కొత్త కాదు, కొత్తదంతయు తీగెయే.

గోడతోడి వ్యవహారము మరియొక విద్య. మన పాత మేడల గోడలు సున్నమును ఇటుకయు కలిసినవి; వానియందు మరమేకు నిలువదు. కావున సన్నని ఉలితో గోడను తొలిచి, లోపలివైపు వెడల్పుగను బయటివైపు ఇరుకుగను చెక్కిన చెక్కముక్కను ఆ గూటిలో సున్నముతో పొదిగి, అది ఆరి బిగిసిన పిమ్మట దానియందు మరమేకును దింపెడివారు. ఒక గదికి ఇట్టి చెక్కముక్కలు పదులకొలది కావలెను. నేర్చుకొనువాని చేతులు మొదట బొబ్బలెక్కునది ఇచ్చటనే. ఇట్టి బాధనుండి తప్పించుకొను ఉపాయమును ఇంగ్లండులో జాన్ రాలింగ్స్ అను గృహనిర్మాణపు గుత్తేదారు 1911 ప్రాంతమున కనిపెట్టెను. బ్రిటిష్ మ్యూజియము గోడలకు విద్యుత్సామగ్రిని బిగించవలసివచ్చినపుడు, ఆ గోడలను గాయపరచక పని నెరవేర్చుటకై, జనపనారను జిగురుతో బిరుసెక్కించి చిన్న గొట్టముగా చేసి, సన్నని రంధ్రములో దూర్చి, అందులో మరమేకును త్రిప్పగా అది వ్యాకోచించి గోడను పట్టుకొనెను. అదే రాల్‌ప్లగ్గు. దాని రంధ్రము వేయుటకై సుత్తితో కొట్టుచు త్రిప్పు ఉక్కు జంపరు మన వైర్‌మన్ సంచిలోనికి వచ్చెను. నేడు ప్లాస్టిక్ ముక్కగా మారినను ఆ ప్లగ్గు పేరు మాత్రము మారలేదు.

కేసింగు వ్యయసాధ్యమగుటచేత, క్రమముగా బ్యాటెన్ వైరింగు దాని స్థానమును ఆక్రమించెను. అంగుళము వెడల్పుగల టేకు బద్దను గోడకు బిగించి, దానిపై రబ్బరు కవచము గల తీగెను పరచి, తగరపుపూత పూసిన చిన్న రేకు క్లిప్పులతో నాలుగైదు అంగుళముల కొకచోట కట్టివేయుట దీని పద్ధతి. చూచుటకు సులభమే గాని, ఈ పనిలో దాచుకొనుటకు తావు లేదు. బద్ద ఒక నూలు వంకరపోయినను ఇంటియజమాని మంచముపై పండుకొని జీవితాంతము దానిని చూచుచుండును. కనుకనే తాపీమేస్త్రినుండి తూకపుగుండు, రసమట్టము, రంగు పూసిన దారము ఎరువు వచ్చినవి. దారమును గోడకు రెండు కొనల బిగించి, నడుమ పట్టి లాగి విడిచినచో గోడపై పడు నీలిగీత వైర్‌మన్‌కు శాసనము. పోకరు అను మొనదేలిన ఇనుపకడ్డీ చెప్పులు కుట్టువాని ఆరెకు చుట్టము. దానితో గ్రుచ్చి, క్లిప్పు మేకులకు దారి చూపెడివారు. అట్టి పాత ఇండ్లు కొన్ని నేటికిని మన పట్టణపు పాతపేటలలో నిలిచియున్నవి. దూలముల వెంబడి, ద్వారబంధముల చుట్టును, కొంచెమైనను తొణకక సాగిపోవు ఆ బద్దల వరుసలను చూచినపుడు, గోడలో దాగిన నేటి తీగెలకంటె అవియే నాకు నిజాయితీ గలవిగా తోచును. ఇది పాతకాలపు మనుష్యుని పక్షపాతమనిన కాదనను.

కంసాలినుండియు కంచరినుండియు వచ్చిన ఎరువు టంకము. పగిలిన పాత్రకు మాటు వేయువాని విద్యయే తీగెలు కలుపుటకును ఆధారమయ్యెను. తీగె కొనలను గీకి మెరయించి, ప్రక్కప్రక్కన చేర్చి, సన్నని తీగెతో చుట్టి, కాచిన రాగి కడ్డీతో తగరము-సీసము కలిసిన టంకమును పారించుటను తంతిశాఖనాటి పేరుతో బ్రిటానియా జాయింటు అందురు. తీగెలను పెండ్లికొడుకు పెండ్లికూతుళ్ల చేతులవలె పెనవేయుదురు గనుక మరియొకదానికి మ్యారీడ్ జాయింటు అని పేరు వచ్చెను. దానిపై రబ్బరు పట్టీని, ఆపై నూలు పట్టీని చుట్టవలెను. తరువాత ‘లూపింగ్’ పద్ధతి వచ్చి, అతుకులన్నియు స్విచ్చిలోనో సీలింగు రోజులోనో మరలక్రిందనే జరుగునట్లు ఏర్పడుటతో, బ్లోలాంపును టంకపుకడ్డీయు ఇంటిపని సంచినుండి నిశ్శబ్దముగా నిష్క్రమించినవి.

మరి ఈ వృత్తి తనకుతానుగా కన్న పనిముట్టేదియు లేదా? ఉన్నది, అది టెస్టరు. కంటికి కనబడని వస్తువుతో పనిచేయువానికి తప్ప మరెవరికిని అట్టిది అవసరము కాదు. పూర్వము తీగెలో కరెంటు ఉన్నదో లేదో తెలిసికొనుటకు హోల్డరుకు రెండు తీగెలు కట్టి బల్బు తగిలించిన టెస్టు లాంపు ఉండెను. దానికిని ఓపిక లేని సాహసికులు చేతివ్రేలి వెనుకవైపుతో తీగెను తాకి చూచెడివారు. అరచేతితో పట్టినచో కండరములు ముడుచుకొని తీగెను విడువనీయవని వారికి తెలియును. ఇది ధైర్యమే గాని విద్య కాదు. 1898లో రామ్సే, ట్రావర్స్ అను రసాయన శాస్త్రజ్ఞులు గాలిలోనుండి నియాన్ అను వాయువును వేరుచేసిరి. 1917లో మూర్ అను అమెరికా ఇంజనీరు దానితో వ్రేలిగోరంత దీపమును చేసెను. ఆ దీపమును, పది లక్షల ఓముల ప్రాంతపు నిరోధకమును ఒక చిన్న స్క్రూడ్రైవరు పిడిలో అమర్చగా టెస్టరైనది. మొన తీగెను తాకి, వ్రేలు పైనున్న లోహపు బొడిపెను తాకినపుడు, నిరోధకము అదుపుచేసిన అత్యల్పమైన విద్యుత్తు పనివాని దేహము గుండా భూమిని చేరును. దీపము నారింజవన్నెతో మినుకుమనును. అనగా ఈ పరీక్షలో పనివాని శరీరమే ఒక తీగె. ఇతర వృత్తులలో పనిముట్టు చేతికి పొడిగింపు. ఇచ్చట చేయి పనిముట్టునకు పొడిగింపైనది.

అయినను అనుభవజ్ఞులైన మేస్త్రీలు టెస్టరును పూర్తిగా నమ్మరు. న్యూట్రలు తీగె ఎక్కడనో తెగినపుడు, స్విచ్చి వేసియున్న దీపము ద్వారా ఫేజు అవతలికి వచ్చి, ప్లగ్గు రెండు రంధ్రములలోను టెస్టరు వెలుగును. కొత్తవాడు రెండు ఫేజులు వచ్చినవని కంగారుపడును. అదే టెస్టు లాంపును రెంటిమధ్య పెట్టినచో వెలుగదు, గుట్టు బయటపడును. అందుచేతనే పాత హోల్డరు, రెండు గజముల తీగె, ఒక బల్బు పెద్దవారి సంచి అడుగున ఇప్పటికిని ఉండును.

శిష్యుని సంచి ఒక్కనాడు నిండునది కాదు. మొదటి సంవత్సరమంతయు వాడు నిచ్చెన మోయును, సంచి మోయును, అడిగినది అందించును. ‘ఒరేయ్, ఆ కటింగ్ ప్లేయర్ ఇటు పట్రా’ అని నిచ్చెనపైనుండి మేస్త్రి కేకవేసినపుడు, చూడకయే సంచిలో చేయిపెట్టి, తడిమి తీయగలిగిన దినమున వానికి సగము విద్య వచ్చినట్లే. తరువాత గోడ తొలుచు ఉలి, పిమ్మట బద్దలు కోయు రంపము, ఆపైన తీగెపొర ఒలుచు చాకు చేతికి వచ్చును. చాకు ఆలస్యముగా వచ్చుటకు కారణము కలదు. తీగెపొరను పెన్సిలు చెక్కినట్లు వాలుగా ఒలువవలెను గాని, చుట్టును నిలువుగా కోయరాదు. లోపలి లోహమునకు గాటు పడినచో అక్కడనే ముందుముందు విరుగును. రాగి కొంత క్షమించును. 1960 తరువాత రాగి కొరతచేత ఇండ్లలోనికి వచ్చిన అల్యూమినియము ఏమాత్రమును క్షమింపలేదు. మేస్త్రీల కోపమును పెంచినది అల్యూమినియమే యని నా అనుమానము.

కూలిడబ్బులలో మిగిల్చి శిష్యుడు తనకై కొనునది మొదట టెస్టరు, పిదప కటింగ్ ప్లేయరు, ఆ పిదప పెద్ద స్క్రూడ్రైవరు. ఈ క్రమము ఏ గ్రంథమునను వ్రాయబడలేదు.  ఒకప్పుడు విదేశములనుండి దిగుమతియైన పనిముట్లే మేలైనవని పేరుండెను. స్వాతంత్ర్యానంతరము జలంధరు, రాజస్థానములోని నాగౌరు, నాసిక్ పట్టణముల సరకు ఆ స్థానమునకు వచ్చెను. శిష్యుని చేతికి ఎన్నడును రాని వస్తువొకటి మెగ్గరు. ఎవర్‌షెడ్ సంస్థవారు 1903లో ఆ పేరును నమోదు చేసికొన్న ఈ పెట్టెకు పిడి త్రిప్పినచో, తీగెపొరలగుండా విద్యుత్తు ఎంత కారుచున్నదో ముల్లు చెప్పును. అది గుత్తేదారు సొత్తు; పరీక్షనాడు మాత్రమే బయటికి వచ్చి, ఉత్సవవిగ్రహమువలె మరల లోపలికి పోవును.

తీగెల లెక్క వేరొక భాష. 1884లో బ్రిటనునందు చట్టబద్ధమైన తీగెకొలతలో అంకె పెరిగినకొలది తీగె సన్నబడును. మూడు బై ఇరువది యనిన ఇరువదవ నంబరు తీగెలు మూడు పెనవేసినది, ఏడు బై ఇరువది యనిన అట్టివే ఏడు. అంచునిండ గాళ్లు గల గుండ్రని ఉక్కుబిళ్ల, అనగా వైర్ గేజి, దీనికి నిఘంటువు. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చి, క్రమముగా చదరపు మిల్లీమీటర్ల లెక్క స్థిరపడినను, ‘త్రీ ట్వంటీ’, ‘సెవెన్ ట్వంటీ’ యను మాటలు మన మేస్త్రీల నోట ఇంకను ఆడుచున్నవి. బిళ్ల పోయినను దాని పలుకుబడి పోలేదు.

ప్రభుత్వము ఈ సంచిలోనికి తొంగిచూచుట 1910నాటి విద్యుచ్చట్టముతోడనే ఆరంభమైనను, దాని చేయి బలముగా పడినది స్వాతంత్ర్యము తరువాతనే. 1956నాటి విద్యుత్ నిబంధనలలో నలుబదియైదవది లైసెన్సు గల గుత్తేదారు, యోగ్యతాపత్రము గల పర్యవేక్షకుడు లేనిదే వైరింగుపని కూడదని విధించెను. నలుబదినాల్గవది షాకు తగిలినవానికి చేయవలసిన చికిత్సను ప్రాంతీయభాషలోను వ్రాసి గోడకు తగిలింపుమనెను. ఆ పటమున పండియున్న మనుష్యుని బొమ్మను చూచి భయపడని విద్యార్థి లేడు. 1950లో ఆరంభమైన చేతిపనుల శిక్షణపథకము వలన ఐ.టి.ఐ.లు వెలసెను; 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడగా పనివారి అవసరము పెరిగెను; 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. హైదరాబాదు మల్లేపల్లిలోను, విశాఖ కంచరపాలెములోను ఐ.టి.ఐ. ద్వారమున అడుగిడిన బాలునికి పనిముట్లు ఒక అచ్చుజాబితాననుసరించి ఒకేసారి చేతికి వచ్చెను: ప్లయర్లు రెండుమూడు విధములు, స్క్రూడ్రైవర్లు పలు పొడవులవి, రెండలుగుల చాకు, టెస్టరు, సెంటర్ పంచి, సుత్తి, ఉక్కుకొలబద్ద. ఏ కులమువాడవని ఆ జాబితా అడుగలేదు. వడ్రంగి కుమారుడును, కూలివాని కుమారుడును ఒకే బల్లపై ఒకే సుత్తి పట్టిరి. మేస్త్రి వెంట తిరిగి నేర్చినవానికి ఈ చదువరిపై కొంత చిన్నచూపు, చదువరికి పర్మిటు లేని మేస్త్రిపై కొంత చిన్నచూపు ఉండుట సహజమే. రెండును పూర్తిగా అన్యాయములు కావు.

పల్లెలకు తీగెలు సాగి, 1970లో సిరిసిల్లలో రైతుల సహకార విద్యుత్సంఘమే వెలసిన ఆ దశాబ్దములలో, బావుల మోటార్ల పుణ్యమా యని స్పానర్లు సంచిలో చేరి దానిని బరువెక్కించెను. అటుపిమ్మట పట్టణములలో పి.వి.సి. గొట్టములు గోడలలోనికి దిగగా, రంపము, పోకరు, గిమ్లెట్, నీలిదారము ఒక్కొక్కటే సెలవు పుచ్చుకొన్నవి. వాని స్థానమున డ్రిల్లుయంత్రము, గొట్టములో దూర్చు ఉక్కుతీగె, అంకెల మీటరు వచ్చినవి.

దసరాలలో ఆయుధపూజనాడు ఈ వృత్తివారి ఇంటను సంచిని కుమ్మరించుదురు. పీటపై ఎఱ్ఱగుడ్డ పరచి, నిచ్చెనను గోడకు చేరవేసి, పనిముట్లను కడిగి వరుసగా పేర్చి, నిమ్మకాయ కోసి, పసుపు కుంకుమలు పెట్టుదురు. వడ్రంగి ఇంటను, కమ్మరి ఇంటను తరతరములుగా జరుగు తంతునే ఈ వారసత్వము లేనివారును, పనిముట్లతోపాటుగా, ఎరువు తెచ్చుకొనిరి. పాత ప్లయరు దవడలమీద, వాడుక తప్పినను పారవేయని గిమ్లెట్ పిడిమీద, తడిపిన కుంకుమ చక్కగా అంటుకొనును. కొత్త డ్రిల్లుయంత్రపు ప్లాస్టిక్ వీపున మాత్రము అది నిలువదు. ఆరి, పెచ్చులై రాలును. ఇంటి ఇల్లాలు చీరచెంగుతో తుడిచి, ఈసారి కొంచెము నూనె కలిపి, మరల పెట్టును.